పుర జీవవైవిధ్యం: బీరువాలోని రిజిస్టరు, చెరువు కట్ట మీది పని

గునుగు ఒక కలుపు మొక్క. జొన్న, కంది, మొక్కజొన్న వంటి వానాకాలపు మెట్ట పంటలలో నివారించవలసిన మొక్కల జాబితాలో వ్యవసాయ శాస్త్రం దానిని ఏనాడో చేర్చినది. మెదక్ ప్రాంతపు స్త్రీలకు అదే గునుగు బతుకమ్మ పువ్వు, లేతగా ఉన్నప్పుడు కూరాకు. పురపాలక సంఘపు పారిశుద్ధ్య విభాగం దృష్టిలో అది పండుగకు ముందు రోడ్ల అంచున కోసి పారవేయవలసిన పిచ్చి మొక్క. మొక్కజొన్నలో అట్రజిన్ వంటి కలుపు మందుల వాడకం పెరిగిన కొద్దీ, మెట్ట చేలు వరి మడులుగా మారిన కొద్దీ, గునుగు చేలలో తగ్గి గట్లకు, బాట పక్కలకు, చెరువు శిఖం భూములకు, ప్రభుత్వ బీళ్లకు పరిమితమవుతున్నది. ఈ మిగిలిన చోట్లలో అధిక భాగం గ్రామ పంచాయతీల, పురపాలక సంఘాల అధీనంలో ఉన్నవే. అనగా రైతు చేను వదలుకున్న మొక్కకు చివరి ఆశ్రయం ఇచ్చే బాధ్యత, కోరకుండానే, స్థానిక సంస్థల మీద పడినది. భాద్రపద అమావాస్యకు వారం ముందు సాగే శుభ్రత కార్యక్రమంలో ఆ ఆశ్రయం కూడా గింజ కట్టకముందే నేలమట్టమవుతుంది. ఆ పని చేసే సిబ్బందిని తప్పుపట్టవలసినది ఏమీ లేదు. కోయమన్నారు, కోశారు. ఏది ఎప్పుడు కోయరాదో వారికి చెప్పిన వారు లేరు.

చెప్పవలసిన యంత్రాంగం చట్టంలో ఉన్నది. జీవవైవిధ్య చట్టం, 2002లోని 41వ సెక్షన్ ప్రకారం ప్రతి స్థానిక సంస్థ తన పరిధిలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీని ఏర్పాటు చేయవలసి ఉన్నది. 2004 నాటి నియమావళి ఆ కమిటీ నిర్మాణాన్ని నిర్దేశించినది: ఒక అధ్యక్షుడు, స్థానిక సంస్థ నామినేట్ చేసే ఆరుగురికి మించని సభ్యులు, వారిలో మూడవ వంతుకు తగ్గకుండా స్త్రీలు, 18 శాతానికి తగ్గకుండా షెడ్యూల్డు కులాల, తెగలవారు. కమిటీ ముఖ్య కర్తవ్యం స్థానిక ప్రజలను సంప్రదించి ప్రజా జీవవైవిధ్య రిజిస్టరును తయారు చేయడం. ఊరిలోని పంటలు, నాటు రకాలు, పశుజాతులు, చేపలు, అడవి మొక్కలు, మందు చెట్లు, వాటిని గురించి తెలిసిన మనుషులు, వాటికి ఆధారమైన నేల, నీరు, ఇవన్నీ అందులో నమోదు కావాలి. 1990లలో మాధవ్ గాడ్గిల్ ప్రభృతులు ఈ రిజిస్టరు పద్ధతిని రూపొందించినప్పుడు వారి ఉద్దేశం గణాంకాల సేకరణ ఒక్కటే కాదు. ఊరివారు తమ పరిసరాలను తామే చూచి, తామే వ్రాసుకొని, దానిని బట్టి తామే నిర్ణయాలు తీసుకోవాలన్నది అందులోని ఆశయం.

జరిగినది వేరు. చట్టం వచ్చిన పద్నాలుగు సంవత్సరాల తరువాత, 2016 నాటికి, దేశం మొత్తం మీద ఏర్పడిన కమిటీలు పది వేలలోపే; పూర్తయిన రిజిస్టర్లు ఒకటిన్నర వేలు కూడా లేవు. జాతీయ హరిత ట్రైబ్యునల్ జోక్యం చేసుకొని 2020 జనవరి 31ని గడువుగా విధించి, ఆపై ఆలస్యం చేసే ఒక్కొక్క రాష్ట్రం నెలకు పది లక్షల రూపాయల చొప్పున చెల్లించవలసి ఉంటుందని హెచ్చరించిన పిదప కమిటీల సంఖ్య కొద్ది సంవత్సరాలలోనే రెండున్నర లక్షలు దాటినది, రిజిస్టర్లూ దాదాపు అంతే. ఇంత వేగంగా తయారైన పుస్తకాలలో ఏ ఊరి ప్రత్యేకత ఎంత నిలిచి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. వేప, మర్రి, రావి ఏ ఊరి పుస్తకంలోనైనా ఉంటాయి. ఏ మర్రి తొర్రలో ఏ పక్షి గుడ్లు పెడుతుందో, ఏ కాలువ గట్టున పొన్నగంటి కూర దొరుకుతుందో తెలియాలంటే ఒక సంవత్సరం పాటు ఋతువు ఋతువుకూ తిరగాలి. గడువు కోసం పుట్టిన పుస్తకానికి అంత తీరిక ఉండదు.

అయినా రిజిస్టరు నాణ్యత కంటే పెద్ద లోపం మరొకటి ఉన్నది. ఎంత చక్కగా వ్రాసిన రిజిస్టరైనా స్థానిక సంస్థ చేసే పనులతో దానికి ఏ సంబంధమూ లేదు. పురపాలక సంఘంలో ఒక పని జరగాలంటే ఇంజనీరింగు విభాగం అంచనా తయారు చేయాలి, సాంకేతిక మంజూరు రావాలి, కౌన్సిల్ ఆమోదించాలి, టెండరు పిలవాలి, చివరకు కొలతల పుస్తకంలో ఎక్కాలి. ఈ వరుసలో ఏ మెట్టు వద్దా జీవవైవిధ్య రిజిస్టరు తెరవవలసిన అవసరం రాదు. కమిటీ ఒక గదిలో ఉంటుంది, కాంక్రీటు మరొక గదిలో నిర్ణయమవుతుంది. పట్టణంలోని ప్రాణికోటి బాగోగులు మాత్రం రెండవ గదిపైనే ఆధారపడి ఉన్నాయి.

మెదక్ విషయంలో ఈ తెగిన బంధం ప్రత్యేకించి ఆలోచింపదగినది. పట్టణానికి సుమారు పదిహేను కిలోమీటర్ల దూరంలో పోచారం అభయారణ్యం ఉన్నది. నిజాం వేటస్థలంగా ఉండి 1952లో రక్షిత ప్రాంతమైనది. అక్కడి జలాశయం 1916–1922 మధ్య నిర్మితమైనది. మరొక దిక్కున మంజీర ప్రవహిస్తున్నది. ఘనపూర్ ఆనకట్ట నుండి సాగే కాలువలు శతాబ్దానికి పైగా ఈ ప్రాంతపు వరి పొలాలను తడుపుతున్నాయి. నదికి ఎగువన, నేటి సంగారెడ్డి జిల్లాలో, మొసళ్లకు ప్రసిద్ధమైన మంజీర అభయారణ్యం 1978లో ఏర్పడినది. నీటి పక్షులకు అభయారణ్యాల సరిహద్దులు తెలియవు. పెద్ద జలాశయంలో నీరు లోతైనప్పుడు, లేదా మనుషుల సందడి ఎక్కువైనప్పుడు అవి చుట్టుపక్కల చిన్న చెరువుల లోతులేని అంచులను ఆశ్రయిస్తాయి. పట్టణ పరిధిలోని పిట్లం చెరువు, గోసముద్రం వంటివి ఆ గొలుసులోని కడియాలు. అటవీ శాఖ కాపాడే నీటికీ పురపాలక సంఘం కాపాడవలసిన నీటికీ మధ్య ప్రాణులు తిరుగుతూనే ఉంటాయి.

చెరువు బాగు అనగానే నేడు అందరికీ స్ఫురించేది మినీ ట్యాంక్‌బండ్. మిషన్ కాకతీయ కాలంలో నియోజకవర్గానికి ఒక చెరువును ఇట్లా తీర్చిదిద్దాలన్న ఆలోచన వచ్చినది. కట్టను వెడల్పు చేసి, రాతి అమరిక వేసి, నడకదారి, దీపాలు, బతుకమ్మ ఘాట్ నిర్మించడం ఇందులో సాధారణం. ప్రజలకు సాయంకాలం కూర్చునే చోటు దొరకడం మేలే. కట్ట గట్టిపడితే చెరువూ నిలుస్తుంది. అయితే చెరువులో జీవం ఎక్కడ ఉంటుందో ఆ అంచనా పత్రాలు అడగవు. నడి చెరువులో కంటే ఎక్కువ జీవం ఉండేది లోతులేని అంచులలో, తుంగ, గడ్డి, తామర పెరిగే మూరెడు నుండి నడుములోతు నీటిలో. తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించబడిన కొర్రమీను ఆ అంచు మొక్కల నడుమ చోటు చేసుకొని గుడ్లు పెట్టి, పిల్లలు తేలి తిరిగినన్ని రోజులు కాపలా కాస్తుంది. బుడుబుంగలు, నీటికోళ్లు తేలే మొక్కల మీదనే గూడు కడతాయి. రాతి గోడ నిటారుగా నీటిలోకి దిగిన చోట, చుట్టూ అంచును చెక్కి శుభ్రం చేసిన చోట ఇవి ఏవీ బ్రతకలేవు. పైనుండి వదిలిన బొచ్చె, రోహు పిల్లలు పెరుగవచ్చు. వాటికి ప్రతి సంవత్సరం విత్తనం తెచ్చి పోయాలి. కొర్రమీనుకు ఆ ఖర్చు లేదు, అంచు మిగిల్చితే చాలు. మార్కెట్టులో దాని ధర బొచ్చెకు రెట్టింపు కంటే తక్కువ ఉండడం అరుదు. అంచు పోయినప్పుడు మత్స్యకార కుటుంబానికి పోయేది ఆ ధర. సుందరీకరణ వ్యయంలో ఈ నష్టం ఏ పద్దు కిందా కనబడదు.

ఇక్కడ ఒక భేదాన్ని స్పష్టంగా గుర్తించాలి. చెరువులోని పచ్చదనం అంతా కాపాడదగినది కాదు. గుర్రపు డెక్క దక్షిణ అమెరికా నుండి వచ్చిన మొక్క. మురుగునీటిలోని నత్రజని, భాస్వరం తిని నీటిపై చాపలా పరచుకొని, కిందికి వెలుతురును, ప్రాణవాయువును చేరనీయదు. దానిని తీయవలసినదే. కాని మురుగు కాలువ చెరువులోకి తెరచి ఉన్నంత కాలం యంత్రంతో ఎన్నిసార్లు తీసినా అది తిరిగి వస్తుంది, తీసిన బిల్లూ తిరిగి వస్తుంది. మురుగును మళ్లించడమో, చెరువులో చేరకముందే శుద్ధి చేయడమో జీవవైవిధ్యపు పనిగా ఎవరూ లెక్కించరు. పట్టణ చెరువుకు అంతకంటే పెద్ద జీవవైవిధ్య కార్యక్రమం లేదు. తుంగను, గుర్రపు డెక్కను ఒకే గంపలో వేసి ఎత్తివేయడం మాత్రం అజ్ఞానం వలన జరిగే నష్టం. ఈ రెండింటినీ వేరుచేసి చూపగల జ్ఞానం చెరువు మీద బ్రతికేవారి వద్ద ఎప్పటి నుండో ఉన్నది.

గౌరవ ప్రకటనలు ఈ లోటును తీర్చలేవని అమీన్‌పూర్ చెరువు నిరూపించినది. ఉమ్మడి మెదక్ జిల్లా విభజన జరిగిన నెల తరువాత, 2016 నవంబరులో, ఆ చెరువును జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. దేశంలో పట్టణ ప్రాంతపు జలాశయానికి ఆ హోదా దక్కడం అదే మొదలు. నిజంగా గర్వించదగిన విషయమే. కాని హోదా వచ్చిన తరువాత కూడా మురుగు, ఆక్రమణల గురించిన వార్తలు ఆగలేదు. ప్రకటన చెరువుకు వచ్చినది, చెరువులోకి నీరు వచ్చే దారులకూ చుట్టూ వెలసిన కాలనీల ప్రణాళికకూ రాలేదు. లేఔటుకు అనుమతి ఇచ్చే బల్ల మీద ఆ ప్రకటన ప్రతి ఒకటి ఉండి ఉంటే కథ కొంత వేరుగా నడిచేది.

చెట్ల విషయంలో స్థానిక సంస్థలు చేస్తున్న కృషిని తక్కువ చేయడం న్యాయం కాదు. 2015లో ఆరంభమైన హరితహారం, 2018 పంచాయతీరాజ్ చట్టం, 2019 పురపాలక సంఘాల చట్టం కలిసి పచ్చదనాన్ని పాలనా బాధ్యతగా మార్చినవి. బడ్జెట్టులో పదవ వంతు పచ్చదనానికి కేటాయించాలనడం, నాటిన మొక్కలలో 85 శాతం బ్రతకాలని పెట్టడం, ఊరూరా నర్సరీ ఉండాలనడం ఇతర రాష్ట్రాలలో అరుదు. ఇన్ని చేసిన చట్టం ఏ మొక్క నాటాలో మాత్రం గట్టిగా చెప్పలేదు. 85 శాతం బ్రతకాలన్న నియమం ఉన్నప్పుడు నర్సరీ నిర్వాహకుడు తేలికగా బ్రతికేదానినే ఎంచుకుంటాడు, అది మానవ స్వభావం. అట్లా రోడ్ల మధ్య డివైడర్లను కోనోకార్పస్ ఆక్రమించినది. ఏ పశువూ తినదు, ఏ పురుగూ తాకదు, నీరు తక్కువైనా చావదు. నర్సరీకి వరమైన ఆ గుణాలే జీవవైవిధ్యం దృష్ట్యా దాని దోషాలు, పురుగు తాకని చెట్టు మీద పక్షికి తిండి ఉండదు. గుజరాత్ ప్రభుత్వం 2023లో దానిని నాటడాన్ని నిషేధించినది. తెలంగాణలోనూ నాటడం ఆపివేశారు. మొక్క మారినది, లెక్కించే పద్ధతి మారలేదు.

ఇదే రాష్ట్రం 2014లో జమ్మిని రాష్ట్ర వృక్షంగా, తంగేడును రాష్ట్ర పుష్పంగా, పాలపిట్టను రాష్ట్ర పక్షిగా ఎంచుకున్నది. జమ్మి మెల్లగా పెరుగుతుంది. తంగేడు కుండీలో అందంగా నిలువదు. కనుక రెండూ నర్సరీ జాబితాల అడుగున ఉంటాయి. పాలపిట్టది మరింత విచిత్రమైన స్థితి. దసరా నాడు దానిని చూడడం శుభమని అందరూ వెదకుతారు. అది గూడు పెట్టేది ముసలి చెట్ల తొర్రలలో, మొవ్వు పోయి ఎండి నిలిచిన తాటి మోడులలో. భారతదేశపు పక్షుల స్థితిగతులపై 2023లో వెలువడిన నివేదిక పన్నెండు సంవత్సరాల కాలంలో పాలపిట్టల సంఖ్య సుమారు 30 శాతం తగ్గినదని తెలిపినది. ఎండిన మోడును ప్రమాదకరమని కొట్టివేసే పట్టణం ఆ స్థానంలో పది మొక్కలు నాటి లాభమే చూపగలదు. పాలపిట్టకు ఆ పది మొక్కలలో తొర్ర ఏర్పడడానికి యాభై సంవత్సరాలు పడుతుంది. రోడ్డు మీద వాలిన మోడును తీయక తప్పదు. మైదానం మూలన, శ్మశానంలో, చెరువు కట్ట దిగువన నిలిచిన మోడు ఎవరికీ అడ్డు కాదు.

ఇతర దేశాల స్థానిక సంస్థలు ఈ చిక్కును ఎట్లా ఎదుర్కొన్నవో చూడడం ఉపయోగకరం. ఇంగ్లండులో 2006 నుండి స్థానిక కౌన్సిళ్లకు తమ విధుల నిర్వహణలో జీవవైవిధ్యాన్ని దృష్టిలో ఉంచుకోవలసిన బాధ్యత ఉన్నది. పదిహేను సంవత్సరాల అనుభవం తరువాత దృష్టిలో ఉంచుకోవడం చాలదని గ్రహించి, 2021 పర్యావరణ చట్టం ద్వారా ఆ బాధ్యతను పరిరక్షించి పెంపొందించే విధిగా గట్టిపరచారు. 2024 ఫిబ్రవరి నుండి పెద్ద నిర్మాణాలకు, అవి పూర్తయ్యేసరికి ఆ స్థలపు జీవవైవిధ్యం కొలత మునుపటి కంటే కనీసం పది శాతం పెరిగేటట్లు ఏర్పాటు చూపితేనే పనులు మొదలవుతాయి. ఆ మెరుగుదలను ముప్పది సంవత్సరాలు నిలపాలి. పలు కౌన్సిళ్లు రోడ్డు అంచుల గడ్డిని పూలు గింజ కట్టిన తరువాతనే కోయిస్తున్నాయి. ఈ పద్ధతిలోనూ లోపాలున్నవి. నిపుణుల కొరత వలన కొలతలు కాగితపు తతంగంగా మారుతున్నవన్న విమర్శ అక్కడా వినబడుతున్నది. గమనించవలసినది ఒక్కటే. అక్కడ జీవవైవిధ్యం అనుమతి పత్రంలోకి, కోత సమయ పట్టికలోకి ప్రవేశించినది. 2012 అక్టోబరులో జీవవైవిధ్య ఒడంబడిక సభ్య దేశాల పదకొండవ మహాసభకు ఆతిథ్యమిచ్చిన హైదరాబాదుకు సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని మెదక్‌కు ఇది అందని విషయం కారాదు.

తాగునీరు, మురుగు కాలువలు, చెత్త సేకరణ చాలక సతమతమయ్యే చిన్న పురపాలక సంఘాన్ని ఇంకొక బాధ్యత నెత్తికెత్తుకొమ్మనడం ఎంతవరకు సబబు అన్న ప్రశ్నకు బలం ఉన్నది. జీతాలకే చాలని సంఘాలు ఉన్నవి. అయితే ఇక్కడ కోరుతున్న వాటిలో చాలా భాగం చేయవలసిన పనులు కావు, చేయకుండా ఉండవలసిన పనులు. గునుగు గింజ కట్టేదాకా కోత వాయిదా వేస్తే ఖర్చు పెరగదు. చెరువు చుట్టుకొలతలో మూడవ వంతు అంచును రాతి అమరిక నుండి మినహాయిస్తే అంచనా మొత్తం తగ్గుతుంది. తీయనవసరం లేని మోడును వదిలివేస్తే కూలి మిగులుతుంది.

ఆదాయానికి కూడా చట్టంలో దారి ఉన్నది. వాణిజ్య అవసరాలకు తన పరిధిలో జీవ వనరులను సేకరించే వారి నుండి కమిటీ రుసుము వసూలు చేయవచ్చును. అది స్థానిక జీవవైవిధ్య నిధికి చేరుతుంది. తెలుగు నేలమీదనే దీనికి పూర్వోదాహరణ కలదు. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అమరచింత పరిధిలో సేకరించిన రెండు వేల కిలోల వేపాకును హైదరాబాదుకు చెందిన ఒక సంస్థ జపానుకు ఎగుమతి చేసినప్పుడు, జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థకు చెల్లించిన యాభై ఐదు వేల రూపాయల చిల్లర రాయల్టీలో కొంత అమరచింత కమిటీకి అందినది. మొత్తం చిన్నదే. వేపాకుకు ఊరు యజమాని అని ఒప్పుకున్న తీరు చిన్నది కాదు. 2023 సవరణ చట్టం ఆయుష్ వైద్యులకు, గ్రంథస్థమైన సంప్రదాయ జ్ఞానపు వినియోగానికి మినహాయింపులు ఇచ్చి ఇట్టి రాబడిని కొంత కుదించినది. కనుక నిధి వస్తుందన్న ఆశతో కమిటీలను నడపడం తెలివైన పని కాదు. రుసుము విధించాలన్నా ఏ వనరు ఎక్కడ ఎంత ఉన్నదో రిజిస్టరులో నిజంగా ఉండాలి.

నిజమైన రిజిస్టరు ఎట్లా ఉంటుందో చూడాలంటే జహీరాబాద్ వైపు చూడవచ్చు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలలోని దళిత, పేద స్త్రీ రైతులు చట్టం రాకముందే తమ నాటు విత్తనాలను ఇళ్లలో కుండలలో, బుట్టలలో బూడిద కలిపి దాచి, సంక్రాంతి వేళ ఎడ్ల బండ్ల మీద ఊరూరా పాత పంటల జాతరగా ఊరేగించారు. కలుపు తీసేటప్పుడు తుమ్మి, గంగవాయిలి, దొగ్గలి వంటి కూరాకులను వేరుచేసి ఇంటికి తెచ్చుకోవడం వారి ఆహారంలో భాగం. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారికి ఈక్వేటర్ బహుమతి ఇచ్చినది. వారి వద్ద ఏ కమిటీ తీర్మానమూ లేదు. ఏది ఎక్కడ ఉన్నదో, ఎప్పుడు విత్తాలో, ఎప్పుడు కోయాలో తెలిసిన మనుషులు నిర్ణయం తీసుకునే స్థానంలో ఉండడమే అక్కడి బలం. పట్టణ కమిటీలలో కూడా చెరువు మత్స్య సహకార సంఘ సభ్యుడు, గీత కార్మికుడు, కూరగాయల అంగడిలో అడవి కూరలు అమ్మే స్త్రీ, పసరు వైద్యం తెలిసిన ముసలివారు ఉండాలి. వైద్యపు గుట్లను అందరికీ తెరచి పెట్టవలసిన పని లేదు. ఎవరు చెప్పారో, ఎంత వరకు బయట పెట్టవచ్చునో రిజిస్టరులోనే గుర్తు పెట్టవచ్చును.

మెదక్ పురపాలక సంఘం వంటిది చేయవలసిన మార్పు చాలా చిన్నది. చెరువు, కాలువ, పార్కు, రోడ్డు అంచు, బహిరంగ స్థలాలకు సంబంధించిన ప్రతి అంచనాలో ఒక గడి పెట్టాలి. ఆ స్థలం జీవవైవిధ్య రిజిస్టరులో ఏ పుటలో ఉన్నది, పని కాలంలో అక్కడ గుడ్లు, పూలు, గింజలు ఉన్నవా, ఏమి మినహాయించారు అన్నవి అందులో వ్రాయాలి. గడి ఖాళీగా ఉన్న అంచనాను కౌన్సిల్ ముందుకు తీసుకురాకూడదు. తొలి సంవత్సరం చాలా గడులలో పుట లేదు అని వ్రాయవలసి వస్తుంది. అదీ మేలే, రిజిస్టరులో ఏమేమి చేర్చాలో తెలుస్తుంది. కోతల పట్టికను వానాకాలం మొదట్లోనే కమిటీతో కూర్చొని నిర్ణయించుకోవాలి. నర్సరీ మొక్కల జాబితాలో కనీసం సగం స్థానిక చెట్ల గింజల నుండి పెంచినవి ఉండాలి.

వ్యవసాయ విశ్వవిద్యాలయాలు ఈ పనికి దూరంగా ఉండడం సమంజసం కాదు. కౌడిపల్లి మండలం తునికిలో కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నది. చివరి సంవత్సరపు బి.ఎస్సీ. వ్యవసాయ విద్యార్థులు గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమం కింద నెలల తరబడి ఊళ్లలో ఉంటారు. ఆ కాలం సాధారణంగా వానాకాలంతో కలుస్తుంది, మొక్కలను గుర్తించడానికి అంతకంటే అనువైన ఋతువు లేదు. ఊరికి, వార్డుకు ఇద్దరు చొప్పున విద్యార్థులు కమిటీ సభ్యులతో కలిసి రిజిస్టరును సరిచూచి, ఏటా కొత్త విద్యార్థులు దానిని కొనసాగిస్తే ఐదేండ్లలో ఏది తగ్గుతున్నదో ఏది పెరుగుతున్నదో తెలిపే సమాచారం సిద్ధమవుతుంది. కలుపు యాజమాన్య సిఫారసులలో కూడా ఒక వాక్యం మారవలసి ఉన్నది. పంట చేనులో గునుగును నివారించమని చెప్పే చోటనే, గట్ల మీద, బాట పక్కన, బీడు భూములలో దానికి మందు కొట్టవలదని, భాద్రపదం దాటేదాకా కోయవలదని చేర్చవచ్చును. ఆ వాక్యం విశ్వవిద్యాలయపు కరపత్రంలో అచ్చయిన నాడు పురపాలక పారిశుద్ధ్య విభాగానికి చూపడానికి ఒక ఆధారం దొరుకుతుంది.